వారానికి ఒక్క పూట వచ్చేవాడి వల్ల షెల్టర్‌కి ఉపయోగం ఉంటుందా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. చీపురుపల్లి నుంచి విజయనగరం కాలేజీకి వస్తున్నావు, ఆదివారం పొద్దున్న ఒక్క పూటే ఖాళీ, డబ్బులు ఇచ్చే స్తోమత లేదు, కుక్కలంటే ఇష్టమే గానీ దగ్గరకెళ్ళాలంటే కొంచెం బెరుకు, ఇలాంటోడు వెళ్తే కుక్కల షెల్టర్ వాళ్ళకి పని తగ్గుతుందా ఇంకా పెరుగుతుందా అని. దాంతోపాటు వీధికుక్కల్ని నిజంగా ఎవరైనా ఇంటికి తీసుకెళ్తారా అనీ అడిగావు. నేను పదకొండేళ్ళుగా నెల్లిమర్ల రోడ్డు వైపున్న ఒక చిన్న షెల్టర్‌కి వెళ్తున్నాను, నా ఉద్యోగం వేరు, ఇది సెలవురోజుల పని. కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు రెండోదానికి జవాబు చెప్తాను, తీసుకెళ్తారు. కానీ ఏ కుక్క వెళ్తుంది, ఏది అక్కడే ముసలిదైపోతుంది అన్నది చాలావరకు నీలాంటి వారానికోసారి వచ్చే మనుషుల చేతిలోనే ఉంటుంది. ఇది నేను నిన్ను సంతోషపెట్టడానికి అంటున్న మాట కాదు, కళ్ళారా చూశాను కాబట్టి చెప్తున్నాను.

మా దగ్గర చుక్క అని ఒక ఆడకుక్క ఉండేది. గోధుమరంగు, నుదుటి మీద తెల్లమచ్చ. భోగాపురం దగ్గర హైవే మీద లారీ గుద్దేసి వెళ్ళిపోతే ఎవరో ఆటోలో వేసుకుని తెచ్చారు, ముందుకాలు నుజ్జయిపోయింది, తీసేయాల్సి వచ్చింది. పుండు మానింది, మూడు కాళ్ళతో పరిగెత్తడం కూడా నేర్చేసుకుంది, అయినా మనిషి గేటు తీస్తే చాలు గోడమూలకి వెళ్ళి ముడుచుకుపోయేది. ఎవరైనా చూడ్డానికి వస్తే కనపడేది దాని వీపే. ఎవరు తీసుకెళ్తారు దాన్ని? మా దగ్గర జీతానికి ఉండేది ఇద్దరు, కుక్కలు నలభై, ఆ ఇద్దరూ వండాలి, కడగాలి, మందులు వెయ్యాలి, చుక్క దగ్గర అరగంట కూర్చునే తీరిక వాళ్ళకెక్కడిది. అప్పుడు ఫార్మసీ చదివే ఒక పిల్ల శనివారాలు వచ్చేది, ఆ పిల్ల చేసిందల్లా ఏంటంటే చుక్క గది బయట, దానికి వీపు పెట్టి కింద కూర్చుని, తన నోట్సు పైకి చదువుకోవడం. పిలవలేదు, చెయ్యి చాపలేదు, బిస్కెట్ చూపించి లాగలేదు. మూడో శనివారం చుక్క ఊచల దాకా వచ్చి ఆ పిల్ల జడ వాసన చూసింది. అయిదో వారానికి వెనకనుంచి వచ్చి దాని తల ఆ పిల్ల భుజం మీద పెట్టింది, మా వంట చేసే అప్ప గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది చూస్తూ.

ఆ పిల్ల అక్కడితో ఆగలేదు, రిజిస్టర్‌లో రాసింది. చీపురు ఎత్తితే భయం. మడిచిన గొడుగన్నా భయం. ఆడవాళ్ళ గొంతుకి తోక ఊపుతుంది. పిల్లులు పక్కనుంచి వెళ్ళినా పట్టించుకోదు. పెరుగన్నం పెడితే గిన్నె నాకేస్తుంది. ఇవే రాసింది, ఇంతకన్నా ఏం లేదు. రెండు నెలల తర్వాత కంటోన్మెంట్ వైపు నుంచి రిటైరైన దంపతులు వచ్చారు, కుక్కపిల్ల కావాలని. ఇంట్లో రెండు పిల్లులున్నాయి, ఆయనకి మోకాళ్ళ నొప్పులు, పరిగెత్తే పిల్లతో ఎక్కడ వేగుతారు? రిజిస్టర్ తెరిచి చుక్క పేజీ చదివి వినిపించాం. ఆవిడ "పిల్లుల్ని ఏమనదు కదా, అయితే చూపించమ్మా" అంది. ఆవిడ మాట విని చుక్క తోక ఊపింది. అంతే. నాలుగేళ్ళయింది, ఇప్పటికీ వాళ్ళింట్లో వరండాలో పడుకుంటుంది, ఆ ఇంట్లో గొడుగులు తలుపు వెనకే ఉంటాయి, దాని కంట పడకుండా.

చూశావా, కుక్కకి ఇల్లు దొరికేది దత్తత ఇచ్చిన రోజున అనుకుంటాం, నిజానికి అది ఆ ముందు శనివారాల్లోనే దొరికేసింది. ఒక జంతువు గురించి అయిదు నిజమైన మాటలు చెప్పగలిగే మనిషి ఒకరుంటే దానికి ఇల్లు వెతకొచ్చు. "మంచి కుక్కండీ, చాలా ప్రేమగా ఉంటుంది" అని అన్నిటి గురించీ ఒకేలా చెప్తే ఎవరు నమ్ముతారు, నమ్మి తీసుకెళ్ళినా పదిరోజులకి వెనక్కి తెస్తారు.

ఇప్పుడు ఆదివారం వస్తే ఏం పని ఉంటుందో చెప్తాను. మొదటి రోజే కుక్కల్ని ఎత్తుకుని ఫోటోలు దిగుదామని వచ్చేవాళ్ళు రెండోవారం కనపడరు, అందుకే ముందే చెప్తున్నా. పొద్దున్న ఏడుకల్లా గదులు కడగడంతో మొదలు. దీనికి ఒక వరస ఉంది, ముందు టీకాలు పూర్తికాని కుక్కపిల్లలున్న గది, తర్వాత ఆరోగ్యంగా ఉన్న పెద్దవి, చివర్న జబ్బు చేసి విడిగా పెట్టినవి. తిరగేసి కడిగావో నీ చెప్పులతోనే పార్వోని పిల్లల గదికి మోసుకెళ్తావు. పార్వో అంటే రక్తవిరేచనాలు, వాంతులు, రెండు మూడు రోజుల్లో పిల్ల చేతిలోనే చల్లబడిపోతుంది, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగే కావాలి. ముందు పెంట తీసి సబ్బునీళ్ళతో కడిగి, ఆ తర్వాత ఒక వంతు బ్లీచ్ లిక్విడ్‌కి ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి పోసి పది నిమిషాలు ఉంచి మళ్ళీ కడగాలి. ఒక ఏడాది డిసెంబరులో కొత్తగా వచ్చిన కుర్రాడు ఈ వరస తెలియక జబ్బు గదిలోంచి సరాసరి పిల్లల గదిలోకి వెళ్ళాడు, చెప్పాల్సింది నేనే, ఫోన్ మాట్లాడుతూ చెప్పడం మర్చిపోయాను. ఏడు పిల్లల్లో రెండు మిగిలాయి. అప్పట్నుంచి కొత్తవాళ్ళు వస్తే నేను ఫోన్ బ్యాగులో పడేసి పక్కనే ఉంటాను.

తర్వాత తిండి. నలభై కుక్కలకి రోజుకి ఏడెనిమిది కేజీల నూకలు, చికెన్ షాపుల నుంచి వచ్చే కాళ్ళూ, తలకాయలూ, స్కిన్నులూ, కాస్త గుమ్మడికాయో క్యారెట్టో, చిటికెడు పసుపు. ఉల్లిపాయ వెయ్యకూడదు, అది కుక్కకీ పిల్లికీ కూడా రక్తాన్ని పాడుచేస్తుంది. ఉడికిన చికెన్ ఎముకలు గుచ్చుకుంటాయి, అందుకే ఎముక మెత్తగా చితికేదాకా కుక్కర్‌లో ఉడికిస్తాం లేదా తీసేస్తాం. గిన్నెలు పెట్టేటప్పుడు నీ అసలు పని మొదలవుతుంది, ఏది తింది, ఏది వాసన చూసి వదిలేసింది, ఏది పక్కదాని మీద గుర్రుమంది, ఏది ఒకవైపు దవడతోనే నములుతోంది. రోజూ చూసే వాళ్ళకి కొన్ని మార్పులు అందవు, నువ్వు వారానికోసారి వస్తావు కాబట్టి "ఈ నల్లది పోయినవారం కన్నా చిక్కిపోయిందేంటి" అని నీకే ముందు కనపడుతుంది. అలా ఒక ఆదివారం కుర్రాడు అడిగిన మాట వల్లే ఒకదానికి పిడుదుల కాటుతో వచ్చే టిక్ ఫీవర్ అని తేలింది, ముక్కులోంచి రక్తం కారే దశ రాకముందే మందు మొదలైంది, దాదాపు నెల్లాళ్ళు డాక్సీసైక్లిన్ వేశాం, బతికింది.

మధ్యాహ్నం ఎండెక్కేలోపు లీష్ వేసి నడిపించడం ఉంటుంది, నీకు బెరుకు పోయాకే అది. లీష్ అలవాటు లేని వీధికుక్క మెడలో తాడు పడగానే మొసలిలా కొట్టుకుంటుంది, దాన్ని నెమ్మదిగా అలవాటు చేయడానికే రెండు మూడు వారాలు పడుతుంది, ఇది ఎవరో ఒక్కరు పట్టుబట్టి చేస్తేనే అవుతుంది. తాడుతో బుద్ధిగా నడిచే కుక్కని చూస్తే మన జనం "అబ్బో ట్రైనింగ్ ఇచ్చినదండీ" అని అప్పటికప్పుడు మెత్తబడతారు, ఇది మాత్రం ఖాయం.

భయం సంగతి. భయపడేవాళ్ళు పనికిరారని అనుకోకు, అస్సలు భయంలేనివాళ్ళే కాట్లు తింటారు. ఎదురుగా వంగి తల మీద చెయ్యి పెట్టకు, కళ్ళలోకి గుచ్చి చూడకు, పక్కకి తిరిగి కూర్చో, అదే వస్తుంది. తోక ఊపుతోంది కదా అని నమ్మకు, ఒళ్ళు బిగపట్టి తోక నిటారుగా పెట్టి కొంచెం కొంచెంగా ఊపితే అది స్నేహం కాదు, హెచ్చరిక. పదే పదే పెదాలు నాకడం, ఆవలించడం, తెల్లగుడ్డు కనపడేలా ఓరచూపు చూడడం, ఇవన్నీ "నన్ను వదిలెయ్" అనే మాటలే.

ఇక టీకా మాట. షెల్టర్‌లో అడుగుపెట్టే ముందే రేబిస్ టీకా వేయించుకో, కరవక ముందు వేసుకునేది, మూడు డోసులు, మొదటి రోజు, ఏడో రోజు, తర్వాత 21 లేదా 28వ రోజు. ఇది వేయించుకున్నాక రేపెప్పుడైనా కరిచినా రెండు డోసులతో సరిపోతుంది, ఆ రోజున ఒకటి, మూడో రోజున ఒకటి. వేయించుకోకపోతే పూర్తి కోర్సు, గాయం తీరుని బట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజక్షన్) కూడా పొడవాలి. కరిచినా, గీరినా ముందు పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, పసుపూ కారం సున్నం ఏమీ రాయొద్దు, అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి, ప్రభుత్వాసుపత్రిలో కాటుకి వేసే టీకా ఉచితమే. కుక్కని పదిరోజులు చూద్దాం అన్నది కుక్క సంగతి, నీ ఇంజక్షన్ దానికోసం ఆగకూడదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపుగా ఎవరూ బతకరు. ఈ ఒక్క విషయంలో ఎవరు బతిమాలినా నేను మినహాయింపు ఇవ్వను, టీకా కార్డు చూపిస్తేనే గేటు.

డబ్బులు లేవన్నావు కదా, నీ ఫోన్ ఉంది. ఫోటో సరిగ్గా తీయడం చాలా పెద్ద సాయం. ఊచల వెనకనుంచి, పైనుంచి కిందకి తీసిన ఫోటోలో ఏ కుక్కైనా దీనంగానే కనపడుతుంది, జనం అయ్యో అని లైక్ కొట్టి వెళ్ళిపోతారు. నువ్వు నేల మీద కూర్చుని దాని కంటి ఎత్తులో, బయట నీడలో, ఎవరి కాలికో ఆనుకుని ఉన్నప్పుడు తియ్యి, మన ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో చూసేవాడికి అర్థమవ్వాలి. కింద వయసు, ఆపరేషన్ అయిందా, టీకాలు ఎంతవరకు అయ్యాయి, పిల్లలతో ఎలా ఉంటుంది, దేనికి భయపడుతుంది, అన్నీ రాయి. లోపం ఉంటే అది కూడా రాయి, దాచిపెట్టి ఇచ్చింది నిలవదు.

దత్తత ఎలా ఇస్తామో చెప్తాను, ఇక్కడే నేను బాగా దెబ్బ తిన్నాను. మొదట్లో ఎవరొచ్చి అడిగితే వాళ్ళకి ఇచ్చేసేవాళ్ళం, ఒక గది ఖాళీ అవుతుందన్న ఆశతో. సంక్రాంతి ముందు ఒకాయన వచ్చి కూతురికి ముచ్చటగా ఉంటుందని మూడు నెలల పిల్లని తీసుకెళ్ళాడు, తోటపాలెంలో అద్దె ఇల్లు. ఇంటి ఓనర్‌ని అడిగారా అంటే అడిగామన్నాడు, నేను నమ్మాను. పండగ వెళ్ళిన వారానికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, మళ్ళీ చేస్తే "ఓనర్ ఒప్పుకోలేదండి, రింగు రోడ్డు దగ్గర హోటల్ ఉంది, అక్కడ తిండి దొరుకుతుందని ఒగ్గేశాం" అన్నాడు. ఇంట్లో పరుపు మీద పడుకున్న పిల్లని లారీలు తిరిగే రోడ్డు మీద ఒగ్గేశారు. నాలుగురోజులు వెతికాం, ఒక టైర్ల షాపు వెనక డ్రమ్ములో దొరికింది. మళ్ళీ మనిషి చేతికి రావడానికి దానికి ఏడు నెలలు పట్టింది.

అప్పట్నుంచి అద్దె ఇల్లయితే ఓనర్‌తో మేమే మాట్లాడతాం. ఇంటికి వెళ్ళి చూస్తాం, అది వలంటీర్ల పనే, నీకు చీపురుపల్లి, గరివిడి వైపు దారులన్నీ తెలుసు కదా, అటు వైపు దత్తతలు వస్తే చూసొచ్చేవాళ్ళు మాకు లేరు. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు వెళ్ళాలి. ముఖ్యంగా పగలంతా ఇంట్లో ఉండే మనిషి ఎవరో వాళ్ళని అడగాలి, మామ్మగారికి ఇష్టం లేకపోతే కొడుకు ఎంత ముచ్చటపడినా ఆ కుక్క అక్కడ బతకదు. ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఆవరణకి గోడుందా, రోజంతా గొలుసుతో కట్టేస్తారా, డాబా మీద ఎండలో పెడతారా, ఇవన్నీ మర్యాదగానే అడగొచ్చు, మన పిల్లని ఇచ్చేటప్పుడు అడగమా ఏంటి. తర్వాత ఆధార్ కాపీ, సంతకం, ఉంచుకోలేకపోతే వీధిలో వదలకుండా మాకే తెచ్చివ్వాలని రాతపూర్వకంగా మాట.

ఇంకో బాధ ఉంది, అందరూ మగపిల్లే కావాలంటారు. ఆడపిల్లలు అలాగే మిగిలిపోతాయి, ఈత బాధ ఎవరు పడతారని. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే ఇస్తామండీ అని ఓపిగ్గా చెప్తే సగంమంది ఒప్పుకుంటారు. మరీ చిన్నపిల్లనైతే ఇచ్చాక ఆర్నెల్లకి ఆపరేషన్‌కి తీసుకొచ్చే బాధ్యత కూడా వలంటీరుదే, గుర్తుపెట్టుకుని ఫోన్ చెయ్యాలి. పిల్లకి ఎనిమిది వారాలు నిండకుండా మాత్రం తల్లి నుంచి తీసి ఎవరికీ ఇవ్వం, ఎంత అడిగినా.

ఇచ్చాక చేసే ఫోన్లు దత్తతలో అన్నిటికన్నా విలువైన పని. మూడో రోజు, మూడో వారం, మూడో నెల. మూడో రోజుకి అది ఇంకా మంచం కింద దాక్కునే ఉంటుంది, తినదు, రాత్రి ఏడుస్తుంది, వాళ్ళు కంగారుపడి వెనక్కి ఇచ్చేద్దాం అనుకుంటారు, అప్పుడు నువ్వు ఫోన్ చేసి "మామూలేనండి, గిన్నె అక్కడే పెట్టి మీరు పక్కకెళ్ళండి" అంటే ఆ ఒక్క మాటతో నిలిచిపోతుంది. మూడో వారానికి చెప్పులు కొరుకుతుంది, మూడో నెలకి ఇది మా ఇల్లు అన్న ధీమా వస్తుంది. ఈ ఫోన్లు ఇంట్లో కూర్చుని చెయ్యొచ్చు, కుక్కని ముట్టుకోవక్కర్లేదు, మా దగ్గర వీటిని రెండేళ్ళుగా చేస్తున్న పెద్దావిడ పాలకొండలో ఉంటుంది, షెల్టర్‌కి ఒక్కసారి కూడా రాలేదు. ఆవిడ వల్ల వెనక్కి రాకుండా ఆగినవి నేను ఎన్నో చెప్పగలను.

ఫాస్టర్ అని ఇంకోటి ఉంది, కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని ఇచ్చేయడం. చలికాలంలో పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి గేటు ముందు ఒగ్గేసి పోతుంటారు, ఒక్కోసారి కళ్ళు కూడా తెరవనివి. వాటికి రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, ఆవుపాలు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి, కుక్కపిల్లల పాలపొడి ఉంటుంది. పాలకన్నా ముందు వెచ్చదనం, ఒళ్ళు చల్లగా ఉన్న పిల్లకి పాలు పడితే అరగదు. మీ అమ్మగారు ఒప్పుకుంటేనే దీని జోలికెళ్ళు, ఇంట్లో గొడవపడి తేవద్దు.

వలంటీర్ అనగానే చుట్టుపక్కల వాళ్ళు నీకే ఫోన్ చేస్తారు, మా వీధి కుక్కలన్నిటినీ పట్టుకెళ్ళిపోండి అని. 2023లో వచ్చిన ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) రూల్స్ ప్రకారం వీధికుక్కకి ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి, చెవికి చిన్న కత్తిరింపు ఉంటే ఆపరేషన్ అయిందని గుర్తు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవీ, దూకుడుగా కరిచేవీ తప్ప మిగతావాటిని అలాగే వదలమంది. మళ్ళీ నవంబరులో స్కూళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దని, షెల్టర్లలో పెట్టాలని ఇంకో ఆర్డర్ ఇచ్చింది. అంటే షెల్టర్లలోకి వచ్చేవి పెరిగేవే గానీ తగ్గేవి కావు, అందుకే బయటికెళ్ళే దారి, అదే దత్తత, ఇప్పుడు ఇంత ముఖ్యం. ఆవో గేదో రోడ్డు మీద పడిందంటే 1962కి ఫోన్ చెయ్యమను, సంచార పశువైద్య వాహనం వస్తుంది. రామచిలకో నక్షత్ర తాబేలో దొరికితే ఇంట్లో పెట్టుకోవడం నేరం, అటవీశాఖకి అప్పచెప్పాలి. గజ్జి కుక్క మీద కాల్చిన ఇంజన్ ఆయిల్ పోసేవాళ్ళు కనపడితే ఆపు, అది నాకి లోపల పాడైపోతుంది. పిల్లికి పారాసెటమాల్ వేస్తే చచ్చిపోతుంది, ఇది మాత్రం పదిమందికి చెప్పు.

మీ పక్కనే గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ చదివే పిల్లల్లో నీ ఈడువాళ్ళతో స్నేహం చేసుకో, మాకు అనుమానం వచ్చిన ప్రతి కేసూ అటే తీసుకెళ్తాం, తీసుకెళ్ళడానికి తోడు మనిషి దొరక్క ఆగిపోయిన రోజులున్నాయి. జులై 6న జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి చెప్పే రోజు, ఆరోజు పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, మీ వీధిలో కుక్కలున్న ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పినా నువ్వు వలంటీర్‌వే.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. కొన్ని చచ్చిపోతాయి. నువ్వు పోయినవారం పేరు పెట్టిన పిల్ల ఈవారం ఉండదు, గది కడిగేసి ఉంటుంది. మొదటిసారి నేను బస్సులో ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను, నెల్లాళ్ళు వెళ్ళలేదు. ఆ నెల్లాళ్ళూ నేను వస్తానని ఒక ముసలి కుక్క గేటు దగ్గర కూర్చునేదట, వాచ్‌మన్ బాబాయ్ చెప్పాడు. నువ్వు నెలకి రెండు ఆదివారాలే రాగలిగితే రెండే అని చెప్పు, కానీ చెప్పిన రెండూ రా. పరీక్షలుంటే ముందే చెప్పెయ్, ఎవరూ ఏమీ అనరు. ఒక నెల రోజూ వచ్చి తర్వాత మాయమయ్యేవాళ్ళ వల్ల అవి మళ్ళీ మూలకి వెళ్ళి ముడుచుకుంటాయి.

మొదటి రెండు ఆదివారాలు నీకు కుక్కని ఇవ్వం, గిన్నెలు, రిజిస్టరే ఇస్తాం, ఏమీ అనుకోకు. ముందు టీకా మూడు డోసులూ వేయించుకో, పాత ప్యాంటు వేసుకో, పట్టున్న చెప్పులు, మీ ఇంట్లో చిరిగిన దుప్పట్లూ కాటన్ చీరలూ ఉంటే అమ్మగారిని అడిగి ఒక సంచిలో పట్టుకురా, పొద్దున్న ఏడుకల్లా. ఇప్పుడు మూల గదిలో ఎవరికీ కనపడని ఒక కుంటి మగకుక్క ఉంది, వచ్చి మూడు నెలలైంది, దాని పేజీలో ఇంకా ఒక్క మాటా లేదు.